కోళ్లు విన్న పురాణం

వర్ధన్నపేట,
6-11-1979

చెల్లె అనసూయకు అక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అత్తమ్మ నడుము ఎట్లా ఉంది? ఆవిడ మంచాన పడ్డప్పటి నుంచి నువ్వు బడికీ ఇంటికీ తప్ప ఎటూ కదలడం లేదని తెలిసింది. హనుమకొండ నుంచి మా ఊరికి బస్సులో గంటన్నర కూడా పట్టదు. అయినా మనం ఉత్తరాల మీదే బతకాల్సి వచ్చింది.

నా తిప్పలు చెప్తాను, నవ్వకు. నా కొడుకు రామలింగం బీకాం చదివి, కిరాణా దుకాణంలో కూర్చోనని మొండికేసి పెరట్లో ఫారం కోళ్లు పెట్టాడని నీకు తెలుసు. ఉగాదికి పిల్లలుగా వచ్చినవి శ్రావణం దాటేసరికి గుడ్లు మొదలుపెట్టాయి. ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా గడప తొక్కని ఇల్లు మాది. ఇప్పుడు తెల్లారి లేస్తే పెరట్లో గుడ్ల బుట్టలు. మీ బావ గల్లా దగ్గర కూర్చుంటే బేరానికి వచ్చినవాళ్లు అడుగుతున్నారట, "సేటూ, గుడ్లు గూడ పెట్టినవా?" అని. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినడు. షెడ్డు వేసిన నాటి నుంచి పెరటి తలుపు దాటింది లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కార్తీకం. వీడు ఎండ తగలదని షెడ్డును సరిగ్గా ఉసిరిచెట్టు పక్కనే వేశాడు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద దీపం పెట్టకుండా ఎట్లా ఉంటాను? తెల్లవారకముందే స్నానం చేసి అక్కడే పూజ. పొద్దుగూకాక వాడకట్టు ఆడవాళ్లంతా చాపలు పట్టుకొస్తారు, నేను పురాణం చదువుతాను. నూనె దీపం వెలుతురు నా కళ్లకు ఆనదు. అందుకని రెండు పూటలా దుకాణంలోని పెట్రోమాక్స్ లైటు తెచ్చి కొమ్మకు తగిలిస్తున్నాం. పట్టపగలులాగే ఉంటుంది. నేను చదువుతుంటే జాలీ వెనక నుంచి కోళ్లన్నీ మెడలు చాచి నా నోటి వైపే చూస్తాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పురాణం చదివే మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే ఉంటాను.

మొన్న పున్నమి నాడు దీపాలు వెలిగించి శివయ్యకు చెప్పుకున్నాను. "ఈ కోళ్ల వ్యాపారం మా ఇంట్ల నుంచి తియ్యి తండ్రీ, పిలగాడు మళ్ల దుకాణంల గూసుండాలె" అని. నేను పెద్దగా ఏమీ అడగలేదు కదా?

మీ అక్క
లక్ష్మీనర్సమ్మ

*

హనుమకొండ,
15-11-1979

కోళ్లకు పురాణం వినిపిస్తున్న మా అక్కకు నమస్కారం.

నవ్వకు అన్నావు కానీ నా వల్ల కాలేదు. నీ ఉత్తరం చదువుతూ నవ్వుతుంటే, మంచంలోంచి అత్తమ్మ ఏమైందని అడిగింది. చదివి వినిపించాను. ఆవిడ కూడా నవ్వి, వెంటనే నడుము పట్టుకుని నన్ను తిట్టింది. మీ కోళ్లు వచ్చే జన్మలో మీ వాడకట్టులోనే ఆడపిల్లలై పుట్టి, నీ పక్కన చాప వేసుకుని కూర్చుంటాయి చూడు.

ఒక్క మాట మాత్రం నవ్వులాట కాదు. శివయ్యకు చెప్పుకున్నది వెనక్కి తీసుకో. రామలింగం వాడంతట వాడు నిలబడదామని చూస్తున్నాడు. దుకాణంలో కూర్చుంటే వాడి ముఖం ఎట్లా ఉండేదో మరిచిపోయావా? అడగందే అమ్మయినా పెట్టదంటారు సరే. అడిగిందల్లా పెట్టే దేవుడు దొరికితే నువ్వేం చేస్తావు?

నీ చెల్లె
అనసూయ

*

వర్ధన్నపేట,
12-12-1979

అనసూయా,

నీ నోట్లో ఏముందో కానీ నువ్వన్నట్టే అయింది.

పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు వదిలి మాసం ముగించాం. చాపలు చుట్టేశాం. పెట్రోమాక్స్ దుకాణానికి పోయింది. ఆ తర్వాత వారం తిరగలేదు, గుడ్లు తగ్గడం మొదలైంది. బుట్ట నిండేది సగమైంది, సగం పోయి అడుగు కనిపించింది. ఇప్పుడు రామలింగం బుట్ట తీసుకుపోవడమే మానేశాడు. నిజం చెప్తాను, మొదట మురిసిపోయాను. ముడుపు కట్టలేదు, ఉపవాసం లేదు, ఊరికే నోటితో అన్న మాట దేవుడికి చేరిందని ఇంటింటికీ తిరిగి చెప్పాలనిపించింది.

తర్వాత ఈకలు రాలడం మొదలైంది. అనసూయా, నువ్వు చూడలేదు కాబట్టి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. పొద్దున తలుపు తీస్తే షెడ్డంతా పత్తి ఏకినట్టు తెల్లగా ఉంది. మెడలు బోసిపోయాయి, వీపుల మీద ఎర్రటి తోలు కనిపిస్తోంది. అంత పొగరుగా తిరిగేవి ఒకదానికొకటి ఒరిగి వణుకుతున్నాయి. జాలీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్లు పూజలు చేశాను కానీ అవతల ఒకరు వింటున్నారని నిజంగా ఎప్పుడూ అనుకోలేదేమో. వింటున్నాడని తెలిశాక ఇప్పుడు దీపం ముందు నోరు తెరవాలంటే భయంగా ఉంది.

మీ బావ రాత్రి భోజనం దగ్గర తేల్చి చెప్పాడు. "శివరాత్రి దాక చూస్త. అప్పటికీ గుడ్డు రాకుంటే వరంగల్ హోటలాయనకు అన్నిటినీ తోలిస్త. షెడ్డు ఇప్పి కట్టెలు లోపల పెడ్త." రామలింగం కంచం ముందు నుంచి లేచిపోయాడు.

హోటలాయనకు తోలడమంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. నేను వ్యాపారం పోవాలని అడిగాను, ప్రాణాలు పోవాలని అడగలేదు. చీమకు పంచదార వేసి పక్కకు జరిగే ఇంట్లోంచి అన్ని ప్రాణాలు కత్తి కిందికి పోతే ఆ పాపం ఎవరిది? నువ్వు సైన్సు చెప్పే టీచరువు కదా, వీటిని మళ్లీ గుడ్లు పెట్టించే మార్గం ఏదైనా చూడు.

లక్ష్మీనర్సమ్మ

*

హనుమకొండ,
18-12-1979

అక్కా,

ఇంట్లో కార్డు ముక్క తప్ప ఏమీ దొరకలేదు. మొక్కు తీరిందని మురిసిపోయినదానివి ఇప్పుడు ఏడుస్తావేం? ముందే వెనక్కి తీసుకోమన్నాను. దాణా మారిందా? నీళ్లు సరిగ్గా పెడుతున్నారా? కుక్క గానీ పిల్లి గానీ చొరబడి బెదిరించిందా? ఆల్చిప్పల పొడి వేస్తున్నారా? ఏం మారిందో గుర్తు తెచ్చుకుని రాయి. పశువుల దవాఖానలో డాక్టరును అడుగుతాను.

అనసూయ

*

వర్ధన్నపేట,
27-12-1979

అనసూయకు,

కవరులో రాయాల్సిన మాట కార్డు మీద రాశావు. అది దుకాణానికి వచ్చింది. మీ బావ కళ్లజోడు కోసం వెతుక్కుంటుంటే రామలింగం తీసుకుని చదివాడట. నా దగ్గరికి వచ్చి కార్డు చేతిలో పెట్టి, "నీ మొక్కు తీరిందట గద అమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. వడ్డిస్తే తింటాడు, పిలిస్తే పలకడు. తిట్టినా బాగుండేది.

నువ్వు అడిగినవన్నీ రాస్తున్నాను. దాణా అదే, మక్కలు, తవుడు, చేప పొడి. నీళ్లు రెండు పూటలా మారుస్తాడు. ఆల్చిప్పల పొడి వేస్తూనే ఉన్నాడు. కుక్క లేదు, పిల్లి లేదు. ఏమీ మారలేదు అనసూయా, నేను అడిగిన మాట ఒక్కటే కొత్తది. పురాణానికి వచ్చే చిలుకమ్మ మాత్రం, "పురాణం బందైనంక కోళ్లు అలిగినయమ్మా" అంటోంది. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నీకు ఒకటి చెప్తాను, ఎవరితో అనకు. చలికి అవి ముడుచుకుపోతుంటే చూడలేక దుకాణంలోని ఖాళీ గోనె సంచులు తీసుకుపోయి జాలీ చుట్టూ కట్టాను. రామలింగం చూశాడు, విప్పలేదు. లోపల ఒకటి ఉంది, పూర్తిగా బోసి మెడది. నేను పోతే ఊకలోంచి లేచి వస్తుంది. ఇంతలో కళ్లు మూసుకుంటుంది. దాన్ని చూస్తూ నిలబడితే, షెడ్డు దగ్గరికి పోయొచ్చాక చేయాల్సిన స్నానం సంగతి కూడా గుర్తుండడం లేదు.

అక్క

*

హనుమకొండ,
6-1-1980

అక్కా,

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కార్డు ముక్కతో తల్లీకొడుకుల మధ్య గోడ కట్టాను. రామలింగానికి వేరే ఉత్తరం రాశాను, అది నీకు చూపించమని చెప్పలేదు, కాబట్టి అడగకు.

ఇక అసలు సంగతి. దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న దవాఖానకు పోయాను. డాక్టరు చిన్నవాడే, ఒక గేదె డొక్క మీద చెవి ఆనించి వింటూ నన్ను ఆగమన్నాడు. తర్వాత చేతులు కడుక్కుని నా మాటలన్నీ విన్నాడు. ఈకలు రాలడం రోగం కాదట. పాత బట్టలు విప్పి కొత్తవి కట్టుకున్నట్టు కోడి ఏటా ఒకసారి ఈక మారుస్తుందట. ఈకకు కావలసిన సత్తువా గుడ్డుకు కావలసిన సత్తువా ఒకటే కాబట్టి, ఆ పని జరుగుతున్నన్నాళ్లు గుడ్డు ఆపేస్తుంది. "మరి పడుచు కోళ్లు, అన్నీ ఒక్కసారే ఎందుకు రాల్చినయో తెలుస్తలేదు" అని ఆయన తల గోక్కున్నాడు.

నాకు తోచక, నవ్వించడానికి నీ పురాణం సంగతి చెప్పాను. చిలుకమ్మ అన్న మాట కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఏం లైటు పెడ్తరు పురాణానికి?" అన్నాడు. పెట్రోమాక్స్ అన్నాను. "ఎన్ని పూటలు?" రెండు పూటలా అన్నాను. "ఎప్పుడు తీసేసిన్రు?" పోలి పాడ్యమికి అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "గదే మరి" అన్నాడు.

అక్కా, కోడి గుడ్డు పెట్టేది వెలుతురును బట్టి అట. పగలు పొడుగ్గా ఉంటే లోపల గుడ్డు తయారవుతుంది. పగలు కురచైతే ఇక చలికాలం వచ్చింది, పిల్లల్ని పెంచే కాలం కాదని ఒళ్లు తనంతట తానే ఆపేస్తుంది. కార్తీకంలో లోకమంతా పగలు తగ్గుతూ వచ్చింది, మీ పెరట్లో మాత్రం తగ్గలేదు. నువ్వు తెల్లారకముందే వెలిగించి, పొద్దుగూకాక మళ్లీ వెలిగించి, వాటికి ఎండాకాలం తెచ్చిపెట్టావు. మాసం అయిపోగానే ఒక్కరోజులో తీసేశావు. వాటి లెక్కలో ఆనాడు పొద్దు సగంలోనే పోయింది.

ఇంకా ఉంది. ఆ వెలుతురు కంటితో చూడటం వల్లే కాదట. కోడి పుర్రె ఎంత పలుచనంటే వెలుతురు ఈకల్లోంచి, ఎముకలోంచి దూరి మెదడు దాకా పోతుందట. కళ్లు లేని కోడి కూడా పగలు పెరిగితే గుడ్డు పెడుతుందని ఆయన అన్నాడు. ఇన్నేళ్లు పిల్లలకు వెలుతురు పాఠం చెప్పాను. వెలుతురు ఒక ప్రాణి తలలోకి నడిచిపోయి, ఇప్పుడు ఫలానా కాలం అని చెప్పి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి దీపాలు ఆర్పి, బ్యాటరీ లైటును అరచేతికి ఆనించి వెలిగించాను. చెయ్యంతా ఎర్రగా వెలిగింది. అత్తమ్మను పిలిచి చూపించాను. ఆవిడ తన చెయ్యి కూడా పెట్టి చాలాసేపు చూసి, "మనం గింత పల్చగున్నమానె" అంది.

కాబట్టి గుడ్లను ఆపింది శివయ్య కాదు. నీ మాట వల్ల కూడా కాదు. మళ్లీ లైటు పెట్టు. ఈకలు పూర్తిగా వచ్చేదాకా ఓపిక పట్టాలి, ఎన్నాళ్లు పడుతుందో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు.

నీ చెల్లె
అనసూయ

*

వర్ధన్నపేట,
22-1-1980

చెల్లె అనసూయకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దేవుడు కాదని నువ్వు రాశావు. నాకు మాత్రం వేరేగా అర్థమైంది. అడిగినదాన్ని నేనే, ఇన్నాళ్లు పెట్టించినదాన్ని నేనే, ఆపినదాన్ని కూడా నేనే. ఒక చేత్తో దీపం పెడుతూ, ఆ దీపం ఇస్తున్నదాన్ని ఆపమని ఆ దీపానికే మొక్కాను. ఇది దేవుడి పని కాదంటే మరి ఎవరి పని? ఆయన నా నోటితో ఏమీ చెయ్యలేదు, నా చేత్తోనే అంతా చేయించాడు.

ఆ సాయంత్రమే పెట్రోమాక్స్ తెచ్చి కొమ్మకు తగిలించాను. పుష్యమాసంలో ఉసిరిచెట్టు కింద లైటు చూసి వాడకట్టంతా వింతగా చూసింది. ఏ మాసానికీ చెందని దీపం పెట్టడం నా జన్మలో ఇదే మొదలు. చాప వేసుకుని చిలుకమ్మ వచ్చి కూర్చుంది, తర్వాత ఇంకొందరు. ఊరికే కూర్చోవడమెందుకని పురాణం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మధ్యలో లైటు మసకబారితే మళ్లీ పంపు కొట్టడం నాకు చేతకాక అవస్థ పడుతుంటే రామలింగం వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు. "గట్ల గాదమ్మా, మ్యాంటిల్ పగుల్తది" అన్నాడు. ఇన్నాళ్ల తర్వాత నా కొడుకు నాతో అన్న మొదటి మాట అది. రోజూ రెండు పూటలా వాడే వెలిగిస్తున్నాడు.

దుకాణంలో లైటు ఏదని మీ బావ అడిగాడు. చెప్పాను. వెలుతురు పుర్రెలోంచి పోతుందన్నది కూడా చెప్పాను. "మీ చెల్లెకు సదువెక్కువైంది" అన్నాడు. అయితే ఆ రాత్రి పెరటి కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉండటం చూశాను.

ఈకలు వస్తున్నాయి. ముందు ముళ్లలాగా పొడుచుకొచ్చి, తర్వాత ఒక్కొక్కటి విచ్చుకుంటోంది. బోసి మెడదానికి మెడ చుట్టూ తెల్లగా పట్టీలాగా వచ్చింది. చేత్తో తాకాలనిపించి ఆగిపోయాను. గుడ్డు మాత్రం ఒక్కటీ లేదు. శివరాత్రి దగ్గరకొస్తోంది, నాకు తిండి సయించడం లేదు.

శివరాత్రి దాటగానే అమావాస్య నాడు సూర్యగ్రహణమట. మధ్యాహ్నమే చీకటి పడుతుందని అందరూ అంటున్నారు. వెలుతురే వాటికి ప్రాణమని నువ్వు రాశావు. సూర్యుడే పోతే ఎట్లా?

అక్క

*

హనుమకొండ,
8-2-1980

అక్కా,

ఫికర్ చెయ్యకు. గ్రహణం చీకటి ఎంతోసేపు ఉండదు. కోళ్లు రాత్రి అనుకుని పడుకునే దండెం కర్ర ఎక్కినా, వెలుతురు రాగానే దిగుతాయి, అంత కొద్దిసేపటికి గుడ్లు ఆగవు. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ చూడొద్దు, కళ్లు పోతాయి. మా బడికి ఆ రోజు సెలవు ఇచ్చేలా ఉన్నారు. నువ్వు ఎప్పటిలాగే తలుపులు వేసుకుని జపం చేసుకో. బావతో ఇంకో పక్షం గడువు అడగరాదా? నేను అడిగితే నాకు చదువెక్కువైందంటాడు.

అనసూయ

*

వర్ధన్నపేట,
18-2-1980

నా బంగారు చెల్లెకు,

స్నానం చేసి తల ఆరకముందే ఇది రాస్తున్నాను.

శివరాత్రికి గుడ్డు రాలేదు. అమావాస్య వెళ్లిన మరునాడు బండి పంపమని మీ బావ హోటలాయనకు కబురు పెట్టాడు. గడువు అడిగాను. "మాటంటే మాటే" అన్నాడు. రామలింగం వాడి గదిలో తలుపు వేసుకున్నాడు. ఇక గ్రహణం రోజు వచ్చింది. బజారంతా తలుపులు మూసుకుంది. ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టి, మీ బావా నేనూ పట్టు స్నానం చేసి తడిబట్టలతో నడింట్లో జపానికి కూర్చున్నాం.

ముందు ఎండ తెల్లబోయింది. కిటికీ సందులోంచి గోడ మీద పడే వెలుతురు చవితి చంద్రుడిలాగా వంకర తిరిగింది. కాకులు అరుచుకుంటూ పోయాయి, తర్వాత అవి కూడా ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. పెరటి కిటికీ సందులోంచి చూస్తే కోళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, దండెం ఎక్కుతున్నాయి. రాత్రి అయిందని నమ్మేశాయి. చివరగా ఆ బోసి మెడది ఎక్కి, ఇటే తిరిగి కూర్చుంది. నువ్వు రాసింది నాకు గుర్తుంది, కొద్దిసేపటికి ఏమీ కాదని. అయినా కూర్చోలేక లేచాను. ఒకసారి వాటికి చెప్పకుండా వెలుతురు తీసేశాను. రెండోసారి నా కళ్ల ముందు ఎట్లా పోనిస్తాను?

తలుపు తీసి గ్రహణంలో పెరట్లోకి పోయాను. అవును, నేనే. తల ఎత్తలేదు, నేల వైపే చూస్తూ పోయాను. నేలంతా చంద్రుడి రంగు. పెట్రోమాక్స్ కొమ్మకే ఉంది. దించాక చూస్తే అగ్గిపెట్టె లేదు. తడిచీరతో చలికి వణుకుతూ, ఆ చీకట్లో నిలబడి ఏడుపొచ్చింది.

వెనక అడుగుల చప్పుడైంది. మీ బావ. తడిపంచె, ఒంటి మీద జంధ్యం తప్ప ఏమీ లేదు, చేతిలో అగ్గిపెట్టె. షెడ్డు వేసిన నాటి నుంచి పెరటి గడప దాటని మనిషి. కూర్చుని పంపు కొట్టాడు. ఆయన వెలిగించిన లైటు పట్టుకుని నేను షెడ్డులోకి వంగాను. కోళ్లన్నీ ఒకేసారి తలలు తిప్పి వెలుతురు వైపు చూశాయి.

దండెం కింద, గుడ్ల కోసం రామలింగం పెట్టిన పాత సబ్బుల పెట్టెలో ఒకటి తెల్లగా కనిపించింది. ఊక అనుకున్నాను. చెయ్యి పెట్టాను. అనసూయా, గుడ్డు. పొద్దున పెట్టిందో, చీకటి పడబోయే ముందు పెట్టిందో. ఇంత వయసు వచ్చి నేను గుడ్డును తాకడం అదే మొదటిసారి. అంత బరువుంటుందని, అంత నున్నగా ఉంటుందని నాకు తెలియదు. నువ్వు అరచేయి పెట్టి చూశానని రాసింది గుర్తొచ్చి, దాన్ని లైటు ముందు పట్టుకున్నాను. లోపలంతా దీపం వెలిగినట్టు ఎర్రగా, పలుచగా వెలిగింది. మధ్యలో నీడలాగా ఒక ముద్ద మెల్లగా కదిలింది. వెలుతురు దాని తల్లి తలలోకి పోయి, గుడ్డై వచ్చి, మళ్లీ నా చేతిలో వెలుతురుకే కనిపిస్తోంది. నాకు మంత్రమేదీ గుర్తు రాలేదు. ఉట్టిగా చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఏం పట్టుకున్నానో, ఎవరి ముందు పట్టుకున్నానో. మీ బావ వైపు చూశాను. ఆయన కూడా గుడ్డునే చూస్తున్నాడు. చూస్తూనే అన్నాడు.

"భయపడకు. ఎట్లనో విడుపు స్నానం ఉండె గద. రెండిటికీ ఒకటే స్నానం."

ఆ మాట అంటుండగానే వెలుతురు రావడం మొదలైంది. పక్కవాడలో ఎవరిదో పుంజు కూసింది. కోళ్లు దండెం దిగి, ఒళ్లు దులుపుకుని, ఏమీ జరగనట్టు ఊకలో గీరుకోవడం మొదలుపెట్టాయి. మీ బావ రామలింగాన్ని పిలిచి, "హోటలాయనకు బండి వద్దని చెప్పిరా" అన్నాడు. వాడు నా చేతిలోని గుడ్డును చూసి, నన్ను చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండు వైపు పరుగెత్తాడు.

నిన్న రెండు, ఈ రోజు పొద్దున ఐదు. పెట్టెలో ఉన్నవి నేనే తీశాను, తర్వాత స్నానం చేశాను. రోజుకు ఇన్ని స్నానాలు చేస్తే జలుబు చేస్తుందని మీ బావ అంటున్నాడు.

మీ అత్తమ్మకు కాస్త కుదుటపడితే వచ్చే కార్తీకానికి నువ్వు రావాలి. నేను కళ్లజోడు తెచ్చుకుంటాను, నువ్వు చాప తెచ్చుకో. జాలీకి దగ్గరగా కూర్చో, అవి బాగా వింటాయి.

మీ అక్క
లక్ష్మీనర్సమ్మ